పసుపు అంటని ఉత్తరం

“ఇన్ని నెత్తళ్ళు ఎవరు బాగుచేస్తారు?” అన్నాను, ఆయన సంచీని సింకులో కుమ్మరించగానే.

“ఏటి, నెత్తళ్ళంటే అంత సులకనా? ఇప్పుడే బోటు దిగినాయి. శ్రావణం వచ్చేత్తంది, నెల్లాళ్ళు అమ్మ ఇంట్లో సేప వాసన రానివ్వదు,” అన్నాడు మా ఆయన గుణశేఖర్. వంజరం తెస్తే హార్బరులోనే ముక్కలు కోయించి ఇస్తారు కదా అని నేను, వంజరం తింటే దూది నమిలినట్టుంటుందని ఆయన. అయితే తలలు మీరే గిల్లండి అని నేను, నిన్ననే గోళ్ళు తీసుకున్నానని ఆయన. ముందుగదిలో మంచం మీంచి మా అత్తయ్య అసిరమ్మ, “ఒరే గుణా, నెత్తళ్ళు గిల్లడానికి గోరుండాల్రా, మీసం కాదు,” అంది. మా అమ్మాయి హరిచందన కిసుక్కున నవ్వింది. దాంతో ఆయనకి రోషం వచ్చింది. తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూము వైపు వెళ్తూ, అదేదో చేపల గొడవలో ఆఖరి మాటైనట్టు, “ఆ రెండు ఉత్తరాలూ తీసి పక్కనెట్టీ. అనిరుధ్ మూడింటికి వత్తాడు,” అన్నాడు. ఆ రెండు అన్నప్పుడు మాత్రం నా మొహం వైపు చూడలేదు.

పెరటి మెట్టు మీద పళ్ళెం, పక్కన నీళ్ళ గిన్నె. నెత్తలి వేలంత కూడా ఉండదు. తల కింద బొటనవేలి గోరు దించి వెనక్కి లాగితే తలతోపాటు లోపలిదంతా ఊడి వచ్చేస్తుంది, చేతికి వెండిపొట్టు అంటుకుంటుంది, మళ్ళీ ఇంకొకటి. ఈ పనికి మనసు అక్కర్లేదు, అందుకే అది ఎటు పోవాలనుకుంటే అటు పోతుంది. లోపల భోజనాల బల్ల మీద ఉత్తరాలు పరిచి ఉన్నాయి, ఫ్యాను గాలికి ఎగరకుండా ఒక్కో వరస మీద స్టీలు గ్లాసు బోర్లించాను. ఈ చేతులతో వాటిని ముట్టుకోలేను. ముట్టుకోలేనంతసేపూ ఏదీ తీసి పక్కన పెట్టక్కర్లేదు. ఆ ఆలోచన రాగానే కొంచెం ఊరటగా అనిపించింది, ఊరటగా అనిపించినందుకు నా మీద నాకే చిరాకు వేసింది. గోడ మీద పిల్లి వచ్చి కూర్చుంది. దానికి తలలు కావాలి. ఆదివారం వాసన దానికెలా తెలుస్తుందో.

అత్తయ్య అమ్మానాన్నల ఉత్తరాలవి. శ్రీరామ్మూర్తి, దేముడమ్మ. క్విట్ ఇండియా రోజుల్లో ఆయన రాజమండ్రి జైల్లో కూర్చుని రాసినవి, ఆమె ఊళ్ళో కూర్చుని రాయించినవి. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ప్లాంటుకి భూములిచ్చిన ఊళ్ళలో అదీ ఒకటి. ఆమె ఉత్తరం చెప్పిన అరుగు ఉన్నచోట ఇవాళ కొలిమి ఉందో, రైలు పట్టాలున్నాయో ఎవరూ చెప్పలేరు, అత్తయ్య మాత్రం డాబా ఎక్కినప్పుడల్లా పొగగొట్టాల వైపు చెయ్యి చాపి “మా దొడ్డి అదిగో, అక్కడే,” అంటుంది. ఈసారి ఆగస్టు పదిహేనుకి మా సెక్టారు సంఘంవాళ్ళు స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళినవాళ్ళ ఇళ్ళలోంచి ఉత్తరాలు, ఫొటోలు పోగుచేసి పుస్తకం వేస్తున్నారు. సంఘం కార్యదర్శి అనిరుధ్ అడిగిందే తడవుగా ఈయన సరేనన్నాడు. సిరా వెలిసిపోయింది కాబట్టి శుభ్రంగా తిరగరాసే పని నాకు పడింది. హిస్టరీ చదివావు కదా అన్నాడు. చదివాను. ఏ తీర్మానం ఏ నెలలో అయిందో, ఎవరెవరు సంతకాలు చేశారో ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఒక కాగితం మూల పసుపు లేకపోతే ఏమవుతుందో మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

దేముడమ్మకి చదువు రాదు. పక్షానికోసారి బట్టల మూట సైకిలుకి కట్టుకుని ఊళ్ళోకి వచ్చే నజీర్ అహ్మద్ అనే ఆయన అరుగు మీద కూర్చుని ఆమె చెప్పింది రాసేవాడు, వెళ్తూ వెళ్తూ టపాలో వేసేవాడు. ఆమె మొగుడి పేరు నోటితో అనదు. “పిల్ల నాన్నకి రాయండి” అంటే ఆయనే పేరు వేసుకునేవాడు. చుట్టూ అత్త, తోడికోడలు, వచ్చే పోయేవాళ్ళు. అంతమందిలో ఏ భార్య ఏం చెప్పగలదు? అందరం క్షేమం, మీ క్షేమం తెలియజేయగలరు, ఆవు ఈనింది, వాన పడింది. ఎద్దు చచ్చిపోయిన నెలలో కూడా అందరం క్షేమం అనే ఉంది. జైలుకెళ్తానని తెలిసిన రోజునే వాళ్ళిద్దరూ అనుకున్నారట: రాసేది ఇంకొకరు, మధ్యలో చదివేది జైలువాడు, కాబట్టి మాటల్ని నమ్మొద్దు. పిల్లా తనూ నిజంగా బాగుంటే ఆమె కాగితానికి నాలుగు మూలలా పసుపు రాస్తుంది. అది చూసుకో. అంతే. ఆ ఉత్తరాలు ఇప్పుడు విప్పినా మూలలు పసుప్పచ్చగానే ఉన్నాయి, కొన్నిటి మీద వేలిముద్ర గీతలతో సహా. ప్రతి ఉత్తరానికీ పసుపేమిటే, పెళ్ళి శుభలేఖా అని వాళ్ళత్త సణిగేదట. ఈ సంగతి చెప్తే మా హరిచందన, “అంటే ముత్తవ్వ ఎమోజీ పెట్టేదన్నమాట,” అంది. నవ్వాను గానీ అదేం తప్పుమాట కాదు. ఈయన, నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒకరికొకరం ఒక్క ఉత్తరం రాసుకోలేదు. ఫోన్లో చూస్తే పాలు తే, లేటవుద్ది, అమ్మ మాత్ర వేసుకుందా. ఎనభై ఏళ్ళ తర్వాత ఎవరైనా దాన్ని తిరగరాస్తే మా మధ్య ఏముండేదో వాళ్ళకి ఎలా తెలుస్తుంది, ఏ మూల చూసి?

పిల్లికి నాలుగు తలలు విసిరాను. పక్కింటి ముందు లారీ ఆగిన చప్పుడు, తలుపు చెక్క పడేసిన మోత. ఈ వీధిలోకి ఈ మధ్య లారీలు ఖాళీగా వచ్చి నిండుగా వెళ్ళడమే గానీ, సామాను దింపడం లేదు.

ఆ పసుపు లేని ఉత్తరం. ఆ పక్షం నజీర్ అహ్మద్ వచ్చేటప్పటికి దేముడమ్మ బయట చేరి ఉంది. ఆ మూడు రోజులూ వంటింటి గడప తొక్కకూడదు, పసుపు కుంకాలు ముట్టకూడదు. ఇంట్లో ఆడవాళ్ళందరూ పొలంలో వరి ఉడుపులకి పోయారు. ఆమె దొడ్డి గోడ అవతల, చంకలో పిల్లతో. ఆయన అరుగు మీద, కాగితంతో. ఆయన పరాయి మగవాడు, వంటింట్లోకి రాడు; ఆమె సొంత మనిషే, అయినా వెళ్ళకూడదు. పసుపు డబ్బా అక్కడే, తలుపు తీసే ఉంది, ఆ పూటకి ఇద్దరూ ఇంటి బయటివాళ్ళే. వాన ముసురుకుంటోంది, ఏరు పొంగితే ఆయన దాటలేడు, ఆగమనడానికి లేదు. పోనీలే ఒక్క ఉత్తరమే కదా అనుకుంది. ఆ ఉత్తరంలో మాటలు కూడా మిగతావాటి కంటే ఎక్కువే ఉన్నాయి: పిల్ల అడుగులు వేస్తున్నది, మీ చెప్పులు చూపిస్తే నాన్న అంటున్నది. అంత వివరంగా ముందెప్పుడూ చెప్పలేదు, చుట్టూ ఎవరూ లేరు కాబట్టి చెప్పగలిగింది. అంత వివరమే ఆయన్ని ఇంకా భయపెట్టి ఉంటుంది. మూలలు తెల్లగా ఉన్నాయి, మాటలు తియ్యగా ఉన్నాయి. ఓదార్చడానికి ఎవరో అల్లి రాయించారు అనుకున్నాడు. పిల్ల పోయింది అనుకున్నాడు. మళ్ళీ ఉత్తరం వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఇకమీద ఏ ఉద్యమంలోనూ పాల్గొనను అని సర్కారువాళ్ళ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చేశాడు.

వచ్చేసరికి పిల్ల వాకిట్లో కోడిపిల్ల వెంట పడుతోంది. ఆ పిల్లే మా అత్తయ్య. “మా నాన్న గుమ్మంలో సతికిలపడిపోనాడట. మా యమ్మ పరిగెత్తుకొచ్చి సూత్తే మట్టి పిసుక్కుంటన్నాడట,” అని ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా నవ్వుతుంది. తను పోయిందనుకుని ఒక మనిషి అంత పని చేశాడంటే ఎవరికైనా నవ్వొస్తుందేమో, గర్వంగా. నేను ఒకసారి అడిగాను, అత్తయ్యా, వాళ్ళకి తరవాత పశ్చాత్తాపం ఉండేదా అని. “ఏటో నమ్మా, ఆలు మాటాడుకోడం నానెప్పుడు సూసినాను?” అంది. ఆ కాలంలో పెద్దల ముందు మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకపోవడం మర్యాద. అందుకే, ఒకే ఇంట్లో ఉండగా వాళ్ళు ఏమనుకున్నారో ఎక్కడా లేదు. మళ్ళీ విడిపోయాకే తెలుస్తుంది. తోటివాళ్ళు ఇంకా జైల్లోనే ఉంటే ఊళ్ళో ఆయన తలెత్తుకుని తిరగలేక విశాఖపట్నం ఓడరేవులో కూలికి చేరాడు. అక్కడి నుంచి రాసిందే ఆ రెండిట్లో మొదటిది. “అందరును నన్ను అనారోగ్యమువలన విడిచిరని అనుకొనుచున్నారు. నీవును అట్లే చెప్పవలయును. సంతకము సంగతి మన ఇద్దరిలోనే ఉండనిమ్ము.” రెండోది ఆమె జవాబు, నజీర్ అహ్మద్ గుండ్రటి రాతలో, మూలలు పచ్చగా. “మీరు అనారోగ్యమని చెప్పమని రాశారు. అడిగినవాళ్ళందరికీ పిల్లకోసం వచ్చారని నేను ముందే చెప్పేశాను. అది దాచుకోవలసిన మాటని నాకు తెలియలేదు.”

దీన్ని తిరగరాసిన మధ్యాహ్నం ఇక ఆ పూటకి కలం మూసేశాను. గోంగూర కట్ట విప్పి కూర్చున్నాను, ఆకు ఒలిచిందీ లేదు కాడ పారేసిందీ లేదు, అలాగే కూర్చున్నాను.

ఈయనకి ఇది వద్దంటే ఊరికే వద్దనడం కాదు, అది కూడా నేను ఒప్పుకోవాలి. ప్లాంటు ప్రైవేటువాళ్ళ చేతికి పోకుండా నిలబెట్టుకోవాలని కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో ఎన్నేళ్ళుగా కూర్చుంటున్నాడో. డ్యూటీ దిగి నేరుగా అక్కడికే, ఎండలో, వానలో, మోకాలి నొప్పితో. ఊరు పోయిందని ఉద్యోగం ఇచ్చిన చోటు; అది కూడా పోతే ఇక మా దొడ్డి అదిగో అని చూపించడానికి కూడా ఏమీ ఉండదని ఆయన భయం, నాకు తెలుసు. ముందే పదవీ విరమణ తీసుకుంటామని కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోతున్నవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. కిందటి నెల శిబిరంలో మైకు పట్టుకుని అన్నాడు: “మా తాత జైల్లో సంతకం ఎట్టమంటే ఎట్టనేదు. ఆయన మనవణ్ణి, నాను ఎడతానా?” చప్పట్లు. ఎవరో వీడియో తీశారు, అది ఫోను నుంచి ఫోనుకి తిరిగి చివరికి మా అక్క పంపితే నేను చూశాను. తెలిసే అన్నాడా, లేక అనే క్షణానికి నమ్మేశాడా? వాళ్ళమ్మ ఈ కథ చెప్తుంటే నాతోపాటు విని కూడా. నాకు అనిపించేది, తాతని గొప్పవాణ్ణి చేద్దామని కాదు, ఆ మైకు ముందు తనకి ఒక్కడికీ ధైర్యం చాలక ఇంకొకరి భుజం కావాల్సి వచ్చిందని. అది కోపగించుకోవలసిన విషయమేమీ కాదు. కానీ ఇప్పుడు ఆ రెండు ఉత్తరాలూ అచ్చయితే శిబిరంలో ఈయన మొహం ఏమవుతుంది? అచ్చవకపోతే దేముడమ్మ మాట ఏమవుతుంది? ఒకరు బతికున్నారు, నా మొగుడు, ఆయన పరువు నా ఇంట్లో ఉంది. ఇంకొకరు ఎప్పుడో పోయారు, నేను చూసింది కూడా ఫొటోలోనే. న్యాయంగా ఎవరివైపు మొగ్గాలో ఎవరికైనా తెలుస్తుంది. అయినా గోరు కింద ముల్లు దిగినట్టు ఏదో. నిజంగానే దిగింది. నోట్లో పెట్టుకోబోయి, చేప చెయ్యి అని గుర్తొచ్చి నీళ్ళలో ముంచాను.

“వదినా, నెత్తళ్ళేటి?”

గోడ మీంచి పుష్ప. పిల్లి దూకి పోయింది. పుష్ప మొహం ఇంకా ఉబ్బుగానే ఉంది, నిన్న డయాలసిస్ అయిన రోజు. ఆమె భర్త నాగబాబు, ఈయన ప్లాంటులో ఒకే షాపులో పక్కపక్కన పనిచేసినవాళ్ళు. బావా బావా అంటూ ఒక సిగరెట్టు ఇద్దరు కాల్చినవాళ్ళు. రెండు నెలల కిందట నాగబాబు సంతకం పెట్టాడు. సిటీలో, ఆసుపత్రి పక్కన ఉండొచ్చని సీతమ్మధారలో ఇల్లు చూసుకున్నారు. ఆ లారీ వాళ్ళదే.

“మీ అన్నయ్య తెచ్చారు. పులుసు పెట్టి గిన్నెలో పంపుతాను,” అన్నాను.

“వద్దొదినా, ఉప్పున్నవి నాను తినకూడదు. వాసన సూసి పోదారని వచ్చినాను,” అని నవ్వింది. అక్కడే నిలబడింది. గోడ మీద పెచ్చు గోటితో గీకింది. “అన్నయ్య మా ఆయన్తో మాట మానీసినాడు కదా. మా ఆయన రోజూ అన్నయ్య డ్యూటీ టయానికి ఇంటి గేటుకాడ నిల్సుంటన్నాడు, పలకరిత్తాడేమోనని. పొద్దున్న అన్నయ్య సేపల సంచీ పట్టుకుని వత్తంటే, బావా, ఏం సేపలు, అన్నాడట. అన్నయ్య ఇనపడనట్టు ఎలిపోనాడట.”

“వినపడి ఉండదు,” అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి. అనారోగ్యమని చెప్పు, వినపడలేదని చెప్పు.

“ఇనపడింది వదినా,” అంది పుష్ప, కోపం లేకుండా. “నాకోసం ఎట్టినాడని సెప్పమంటాను. ఆయన సెప్పడు. ఏటి సెప్తాను, ఆడంగోణ్ణనుకుంటారు అంటాడు.” లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

పళ్ళెంలో ఇంకా కొన్నే మిగిలాయి. అవి గిల్లాను. ఉప్పు, పసుపు వేసి రుద్దాను, మూడు నీళ్ళు కడిగాను. పొయ్యి మీద చింతపండు పులుసు పొంగు వస్తుంటే, ఇన్నాళ్ళూ ఆ రెండు ఉత్తరాల్ని నేను చనిపోయినవాళ్ళకీ బతికున్నవాళ్ళకీ మధ్య తగువులా చూశానని తట్టింది. అది కాదు. ఆ మాట వినాల్సినవాడు గోడకి అవతలే ఉన్నాడు, బుట్టల్లో గిన్నెలు సర్దుకుంటూ. పిల్ల కోసం ఒకడు, పెళ్ళాం కోసం ఒకడు. ఎవరికీ చెప్పుకోలేక ఒకడు ఓడరేవుకి పోయాడు, ఒకడు గేటు దగ్గర నిలబడుతున్నాడు. ఈయన్ని అవమానించకుండా ఆ మాట నాగబాబుకి చేర్చే దారి ఉందా అని వెతికాను. ఉత్తరాలు రహస్యంగా అనిరుధ్ చేతిలో పెట్టేసి, అచ్చయ్యాక అయ్యో కలిసిపోయాయండీ అనొచ్చు. హరిచందన చేత ఫోన్లో పంపించొచ్చు. రెండూ నాకు సరిపడవు. కూరలో ఉప్పెక్కువైనా నేనే వేశానని చెప్పే మనిషిని. దేముడమ్మ చదువు రాకుండానే పదిమందికీ ముందే చెప్పేసింది. నేను డిగ్రీ పెట్టుకుని వెనక తలుపు వెతుకుతున్నాను. కొత్తిమీర వేశాను. నెత్తళ్ళు ఎక్కువసేపు ఉడకకూడదు, విరిగిపోతాయి. మూత పెట్టి పొయ్యి ఆపేశాను.

హరిచందన ఉత్తరాల్ని వరస తప్పకుండా ఎత్తి బీరువా మీద పెట్టి బల్ల తుడిచింది. అత్తయ్యని తీసుకొచ్చి గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టింది. ఈయన మొదటి ముద్ద తిని, “సూసినావా, వంజరం ఏటి పనికొత్తాది దీని ముందర,” అన్నాడు. పొద్దుటి రోషం పోయింది, రాజీ అడుగుతున్నాడు. ఆ క్షణంలో చెప్పడం నాకే అన్యాయంగా అనిపించింది. కానీ ఇంకో క్షణం ఏదీ లేదు.

“ఆ రెండు ఉత్తరాలూ పుస్తకంలోకి వెళ్తాయి. అన్నిటితోపాటు. అనిరుధ్‌కి నేనే ఇస్తాను,” అన్నాను.

ఆయన ఈసారి నా మొహం వైపు చూశాడు. “శిబిరంలో నానేటన్నానో తెలుసు కదా నీకు.”

“తెలుసు. చూశాను.”

“మరి? పుస్తకం వచ్చినాక మైకుకాడికెల్లి ఏటి సెప్పాల?”

“మా తాత సంతకం పెట్టాడు, ఎందుకంటే ఇందుకు అని చెప్పండి. నేను పెట్టను అని కూడా చెప్పండి. రెండూ నిజమే కదా.”

“నవ్వుతారు.”

“కొందరు నవ్వుతారు. నాగబాబుగారు నవ్వరు.”

ఆ పేరు వినగానే కేకేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ముద్ద కలిపి, తినకుండా మళ్ళీ విడదీశాడు. హరిచందన నా వైపు, వాళ్ళ నాన్న వైపు చూస్తోంది. “అలగైతే నా పేరు తీసీమను. మనవడు గుణశేఖర్ ఇచ్చినవని ఎయ్యొద్దు,” అన్నాడు, చాలా నెమ్మదిగా. కేకేసి ఉంటేనే బాగుండేది.

“తీయిస్తాను,” అన్నాను.

అప్పటిదాకా తల వంచుకుని ఒక్కో ముల్లూ ఏరి పళ్ళెం అంచున పేరుస్తున్న అత్తయ్య తలెత్తింది.

“ఆడి పేరు తీసీసిన కాడ నా పేరు ఎయ్యమ్మా. కూతురు అసిరమ్మ అని. సచ్చిపోనాదనుకునే కదా మా నాన్న సంతకం ఎట్టినాడు. బతికున్నాదని తెలియాల గదా జనానికి.” ఇంకొక ముల్లు తీసి అంచున పెట్టింది. “పెద్దచ్చరాల్తో ఎయ్యమను. నాకు సదవొచ్చింది నా పేరొక్కటే.”